చర్మం ఒకరికి.. కీళ్లు మరొకరికి!

* సోరియాసిస్ కీళ్లవాత రోగులకు అందని సమగ్ర చికిత్స
* అయిదు ప్రశ్నలతో ముందే గుర్తించే వీలు
* పెద్దాసుపత్రుల కంటే క్రమం తప్పని మాత్రలే తక్షణావసరం

మార్కాపురం: ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల గది ఒకచోట, ఎముకల వైద్యుడి గది మరోచోట ఉంటాయి. మోచేతి మీది పొలుసులు చూపించుకోవడానికి ఒక ఓపీ చీటీ, వేలి వాపు చూపించుకోవడానికి మరో చీటీ. ఈ రెండూ ఒకే వ్యాధికి రెండు ముఖాలన్న సంగతి మాత్రం ఆ రెండు చీటీలలో దేనిలోనూ నమోదు కాదు. సోరియాసిస్‌తో ముడిపడి వచ్చే కీళ్లవాతం, వైద్యపరిభాషలో సోరియాటిక్ ఆర్థరైటిస్, జిల్లాల స్థాయిలో గుర్తింపునకు నోచుకోకపోవడానికి మూలం ఇక్కడే ఉంది. వ్యాధికి మందు లేకపోవడం కాదు, వ్యాధిని చూడవలసిన కళ్లు రెండు వేర్వేరు గదులలో ఉండిపోవడమే అసలు సమస్య.

సోరియాసిస్ అంటువ్యాధి కాదు. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే దారి తప్పడం వల్ల చర్మకణాలు అతివేగంగా పెరిగి వెండిరంగు పొలుసులుగా రాలుతాయి. అదే దాడి కీళ్ల మీద, ఎముకకు స్నాయువు అతుక్కునే చోట్ల, వెన్నుపూసల మీద సాగినప్పుడు కీళ్లవాతంగా పరిణమిస్తుంది. పాశ్చాత్య దేశాలలో సోరియాసిస్ ఉన్న ప్రతి పదిమందిలో ముగ్గురి వరకు కీళ్లవాతం బారిన పడుతున్నారని అధ్యయనాలు చెబుతున్నాయి. భారతదేశంలో జరిగిన పరిశీలనలలో ఈ నిష్పత్తి సాధారణంగా ఇంతకంటే తక్కువగానే తేలింది. అధిక శాతం రోగులలో ముందు చర్మం మీద మచ్చలు వచ్చి, కొన్నేళ్ల తరువాత, ఒక్కోసారి పదేళ్లకు, కీళ్లు పట్టుకుంటాయి. అంటే ఎవరికి ఈ కీళ్లవాతం వచ్చే ప్రమాదం ఉందో వారి చర్మమే ముందుగా చెబుతోందన్న మాట. ఇంత స్పష్టంగా ముందస్తు సూచన ఇచ్చే కీళ్లజబ్బు మరొకటి అరుదు. అయినా దానిని ఉపయోగించుకునే ఏర్పాటు కొరవడింది.

లెక్క వేస్తే వేలల్లోనే

ఈ రోగులు ఎందరన్నదానికి జిల్లా స్థాయిలో రిజిస్టరు లేదు. కాగా స్థూలంగా ఒక లెక్క కట్టవచ్చు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ప్రకాశం జిల్లా జనాభా 33.97 లక్షలు. అందులో మూడింట రెండు వంతుల మందిని పెద్దలుగా భావిస్తే సుమారు 22 లక్షలు. దేశంలో పెద్దవారిలో సోరియాసిస్ 0.44 నుంచి 2.8 శాతం వరకు ఉన్నట్లు వైద్య పత్రికలు పేర్కొంటున్నాయి. కనిష్ఠ అంకెనే తీసుకున్నా ఒక్క ఈ ప్రాంతంలోనే 9,600 మందికి పైగా సోరియాసిస్ రోగులు ఉండాలి. వారిలో పదిమందికి ఒకరు చొప్పున కీళ్లవాతం వస్తుందనుకున్నా వెయ్యి మందికి దగ్గరగా తేలుతారు. ఇది కాగితం మీది అంచనాయే తప్ప ఇంటింటి సర్వే కాదు. అయితే అధికార యంత్రాంగం చేతిలో ఈపాటి అంచనా కూడా లేదన్నది గమనార్హం.

ఈ వ్యాధి ఎక్కువగా 30 నుంచి 50 ఏళ్ల మధ్య వయసువారికి వస్తుంది. పశ్చిమ ప్రాంతంలో పలకల పనిచేసేవారు, పొగాకు గ్రేడింగుకు వెళ్లే స్త్రీలు, మిరప కోతలకు కూలికి పోయేవారు వేళ్లను నమ్ముకుని బతికేవారే. ఉదయం లేవగానే అరగంట, గంట దాకా పిడికిలి బిగుసుకోని మనిషిని మేస్త్రి పనిలోకి తీసుకోడు. ముసలివారి మోకాళ్లనొప్పులతో దీనిని పోల్చరాదనడానికి కారణం ఇదే. సంపాదించే వయసులో సంపాదించే చేతిని దెబ్బతీసే వ్యాధి ఇది.

చికున్‌గున్యా ఖాతాలో..

నొప్పి మొదలైనప్పుడు దానికి పేరు పెట్టే మొదటి వ్యక్తి వైద్యుడు కాడు, ఇంటివారో ఇరుగుపొరుగువారో. 2005 చివర ఆంధ్రప్రదేశ్‌లో మొదలై 2006లో ఊళ్లకు ఊళ్లను మంచాన పడవేసిన చికున్‌గున్యా తెలుగునాట కీళ్లనొప్పుల భాషనే మార్చివేసింది. నాటి జ్వరం సోకినవారు ఎప్పుడు కీళ్లు పట్టుకున్నా ‘అవి గున్యా నొప్పులే’ అని సరిపెట్టుకోవడం పరిపాటి అయింది. చికున్‌గున్యా తరువాత కొందరిలో నెలల తరబడి, ఏళ్ల తరబడి నొప్పులు నిలిచిపోవడం నిజమే గనుక ఆ మాటను ఎవరూ అనుమానించరు.

కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలలో మరో కారణం సిద్ధంగా ఉంటుంది. అదే ఫ్లోరైడ్. దేశంలో ఫ్లోరోసిస్‌ను మొట్టమొదట 1937లో గుర్తించింది నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలోనే. నడుము వంగడం, మెడ తిరగకపోవడం, కీళ్లు బిగియడం ఫ్లోరోసిస్‌లోనూ కనిపిస్తాయి. సోరియాసిస్ వెన్నుకు పాకినప్పుడూ కనిపిస్తాయి. నీటి మీద నెపం వేసిన తరువాత చొక్కా విప్పి వీపు మీద మచ్చలున్నాయా అని చూసేవారు ఉండరు.

రెండింటికీ తేడా తెలిపే ఆనవాళ్లు లేకపోలేదు. సోరియాసిస్ కీళ్లవాతంలో తరచుగా ఒక్కో వేలు మొదలు నుంచి కొన వరకు చేమదుంప వలె ఉబ్బుతుంది. గోరు మీద సూదితో పొడిచినట్లు చిన్నచిన్న గుంటలు పడతాయి, లేదా గోరు కింది నుంచి లేచిపోతుంది. గోటి పక్కనే ఉండే చివరి కీలు వాస్తుంది. మడమ వెనుక, అరికాలిలో నొప్పి వస్తుంది. పనిచేసే కొద్దీ బిగుతు తగ్గడం, విశ్రాంతి తీసుకుంటే పెరగడం మరో లక్షణం. మచ్చలు పైకి కనబడకుండా తలలో, చెవుల వెనుక, బొడ్డులో, పిరుదుల మధ్య దాగి ఉండవచ్చు. తలలోని పొలుసులను చుండ్రు అనుకుని ఏళ్ల తరబడి షాంపూలు మార్చేవారు కోకొల్లలు.

దీనికి తోడు రక్తపరీక్ష ఒక తప్పుదారి పట్టిస్తోంది. పట్టణాల లేబొరేటరీలలో కీళ్లవాతానికి చేసే ఆర్ఏ ఫ్యాక్టర్ పరీక్ష రుమటాయిడ్ కీళ్లవాతానికి ఉద్దేశించినది. సోరియాసిస్ కీళ్లవాతంలో అది సాధారణంగా నెగెటివ్‌గానే వస్తుంది. ఈఎస్ఆర్, సీఆర్‌పీ కూడా చాలామందిలో మామూలుగానే ఉంటాయి. నివేదిక చేతికి రాగానే ‘వాతం లేదు’ అన్న తీర్పు, దాని వెంట నొప్పిమాత్రల పొట్లం. మందుల దుకాణానికి ఇది లాభమే, రోగికి మాత్రం విలువైన కాలం చేజారినట్లే. లక్షణాలు మొదలైన తరువాత నిపుణుని వద్దకు చేరడంలో ఆరు నెలలు ఆలస్యమైనా కీళ్ల అరుగుదల, పనిచేసే శక్తి తగ్గడం గణనీయంగా పెరుగుతాయని 2015లో వెలువడిన ఐర్లాండ్ అధ్యయనం తేల్చింది. మన పల్లెలలో రోగి సరైన వైద్యుణ్ని చేరడానికి పట్టే కాలాన్ని దీనితో పోల్చి చూస్తే పరిస్థితి తీవ్రత బోధపడుతుంది.

కాగితం ముక్క చాలు

దీనికి పరిష్కారం కోట్ల రూపాయల యంత్రాలలో లేదు. బ్రిటన్ వైద్యులు రూపొందించిన ‘పెస్ట్’ అనే ప్రశ్నావళి 2009లో వెలువడింది. అందులో ఉన్నవి అయిదే ప్రశ్నలు. ఎప్పుడైనా కీలు వాచిందా? ఆర్థరైటిస్ ఉందని వైద్యుడు ఎప్పుడైనా చెప్పారా? గోళ్ల మీద గుంటలున్నాయా? మడమ నొప్పి వచ్చిందా? కారణం లేకుండా ఒక వేలు మొత్తం వాచి నొప్పి పెట్టిందా? మూడింటికి ఔనని జవాబు వస్తే కీళ్లవాత నిపుణుని వద్దకు పంపాలి. సోరియాసిస్ ఉన్న ప్రతి ఒక్కరినీ ఏడాదికి ఒకసారి ఈ విధంగా పరీక్షించాలని బ్రిటన్‌లోని జాతీయ వైద్య ప్రమాణాల సంస్థ 2012లోనే సూచించింది.

చర్మవ్యాధుల ఓపీలో వైద్యుడు ఒక్కో రోగికి కేటాయించగలిగేది రెండు మూడు నిమిషాలే అన్నది అందరికీ తెలిసిన విషయమే. అందుచేత ఈ ప్రశ్నలు అడిగే పని వైద్యునిది కానక్కరలేదు. ఓపీ చీటీ రాసే చోట నర్సు అడిగి, చీటీ మూలన అంకె వేస్తే సరిపోతుంది.

అయితే ఈ ప్రశ్నలను మక్కికి మక్కి తెలుగు చేస్తే పనికిరావు. ‘ఆర్థరైటిస్ ఉందని వైద్యుడు చెప్పారా’ అన్న ప్రశ్న ఇక్కడ వృథా. వైద్యుడు చెప్పినది గున్యా అని, వాతమని, నీళ్ల దోషమని. ఆ పేర్లన్నింటినీ కలిపి అడిగితేనే అసలు జవాబు వస్తుంది. పొలంలో చెప్పులు లేకుండా తిరిగేవారికి మడమనొప్పి సర్వసాధారణం. అది పొద్దున లేవగానే మొదటి అడుగుకు వస్తుందా, సాయంత్రం పని అయ్యాక వస్తుందా అని విడదీయాలి. రాష్ట్రంలోని ఏదో ఒక వైద్య కళాశాల చర్మవ్యాధుల, జనరల్ మెడిసిన్ విభాగాలు కలిసి తెలుగు ప్రశ్నావళిని తయారు చేసి, కొన్ని వందలమంది రోగులపై పరీక్షించి చూడదగిన పని ఇది. పీజీ విద్యార్థుల పరిశోధన వ్యాసాలకు అంశాల కోసం వెతుక్కునే కళాశాలలకు ఇంతకంటే అక్కరకు వచ్చే అంశం దొరకదు.

చర్మం మీద మచ్చలను వెతికే యంత్రాంగం పల్లెలలో ఇప్పటికే ఉందన్న సంగతి కూడా మరువరాదు. కుష్ఠువ్యాధి నిర్మూలన కార్యక్రమం కింద ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి మచ్చలున్నాయా, వాటిపై స్పర్శ ఉందా అని పరిశీలిస్తున్నారు. స్పర్శ ఉంటే కుష్ఠు కాదన్న నిర్ధారణతో ఆ మచ్చ ప్రభుత్వ దృష్టిలోంచి తప్పుకుంటుంది. ఆ మచ్చ మరేమిటన్న ప్రశ్న అక్కడితో ముగియకుండా, పొలుసులు రాలే మచ్చలున్నవారిని చర్మవైద్యుని వద్దకు పంపే ఒక్క గడి ఆ ఫారంలో చేర్చితే అదనపు ఖర్చు నామమాత్రం.

వారానికి ఒక్కసారే

వ్యాధి నిర్ధారణ జరిగినా కథ సగమే. కీళ్లు అరిగిపోకుండా అడ్డుకునే మందులలో ఎక్కువమందికి మొదట ఇచ్చేది మెథోట్రెక్సేట్. ధర తక్కువ. జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో ఉంది. చర్మానికీ కీళ్లకూ రెండింటికీ పనిచేస్తుంది. దీనిని వారానికి ఒక్కరోజు మాత్రమే వేసుకోవాలి. పొరబాటున రోజూ వేసుకుంటే నోటిలో పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణాపాయం సంభవిస్తుంది. చదువురాని రోగికి ‘వారానికి ఒకటి’ అని చీటీ మీద ఇంగ్లీషులో రాసి ఇవ్వడం ఎంత ప్రమాదకరమో వేరుగా చెప్పనక్కరలేదు. మంగళవారమో, సంతరోజో అని వారం పేరు తెలుగులో రాసి, నాలుగు వారాలకు సరిపడా మాత్రలే లెక్కపెట్టి ఇవ్వడం మేలు. దానితో పాటు వేరే రోజున ఫోలిక్ యాసిడ్ మాత్ర, నిర్ణీత వ్యవధిలో రక్తకణాల, కాలేయ పరీక్షలు తప్పనిసరి. గర్భం దాల్చదలచిన స్త్రీలు ఈ మందు వాడరాదు. మద్యం మానుకోవాలి.

మెథోట్రెక్సేట్‌ను ఎక్కువ మోతాదులో క్యాన్సర్‌కూ వాడతారు. మందుల షాపులో ఆ ఒక్క మాట చెవిన పడితే చాలు, రోగి మాత్రలను అటక మీద పెట్టేస్తాడు. ఈ భయం పోగొట్టే రెండు మాటలు చెప్పేవారు లేకనే చికిత్స మధ్యలో ఆగిపోయే కేసులు ఎన్నో. ఇది మందు కొరత కాదు, మాట కొరత.

ఇక అందుబాటు విషయానికి వస్తే, రక్తపోటు, మధుమేహం మాత్రలు గ్రామ స్థాయిలో నెలనెలా ఇచ్చే పద్ధతి స్థిరపడింది. అదే సంచిలో ఈ మందుకూ చోటు కల్పించి, రక్తపరీక్షలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే చేయిస్తే రోగి పట్టణానికి రావలసిన అవసరం మూడు నెలలకు ఒకసారికి తగ్గుతుంది. పైగా సోరియాసిస్ కీళ్లవాతం ఉన్నవారిలో స్థూలకాయం, మధుమేహం, గుండెజబ్బులు ఇతరుల కంటే ఎక్కువ. వారి బరువు, బీపీ, షుగర్ ఎటూ చూడవలసినవే. ఆ రకంగా చూస్తే దీర్ఘకాలిక వ్యాధుల క్లినిక్‌కు వీరు కొత్త భారమేమీ కాదు.

ఉపశమనం పేరిట ఉపద్రవం

ప్రభుత్వ వైద్యం అందనిచోట ఖాళీని పూరించేది స్టెరాయిడ్ ఇంజెక్షన్. సూది వేసిన మర్నాటికి వేళ్లు కదులుతాయి, మచ్చలు పలచబడతాయి. అద్భుతమనిపిస్తుంది. మందు ప్రభావం తగ్గగానే సోరియాసిస్ మునుపటి కంటే తీవ్రంగా తిరగబెట్టి, ఒళ్లంతా ఎర్రబారి పొలుసులు ఊడిపోవడం, చీముపొక్కులు లేవడం వంటి ప్రాణాంతక స్థితికి దారితీయవచ్చు. వాతానికి అమ్మే పేరులేని పొడులు, పసరు మందులలోనూ స్టెరాయిడ్ కలిపి అమ్మే వైనాలు పలుమార్లు బయటపడ్డాయి. స్టెరాయిడ్ పూతమందులను 2018లో కేంద్ర ప్రభుత్వం చీటీ లేనిదే అమ్మరాదన్న జాబితాలో చేర్చింది. పల్లె దుకాణాలలో ఆ నిబంధన అమలు తీరును తనిఖీ చేయవలసిన బాధ్యత ఔషధ నియంత్రణ శాఖది. గ్రామీణ వైద్యులను నిందించి ఊరుకోవడం కూడా సమస్యకు సమాధానం కాదు. అర్ధరాత్రి తలుపు తట్టితే పలికేది వారే. సోరియాసిస్ ఉన్నవారికి స్టెరాయిడ్ సూది వేయరాదు, వేలు మొత్తం వాచినవారిని పై ఆసుపత్రికి పంపాలి అన్న రెండు విషయాలు వారికి చెప్పగలిగితే ఎంతో నష్టం తప్పుతుంది.

నిపుణుడు ఎక్కడ?

కీళ్లవాత నిపుణులలో అత్యధికులు హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ వంటి నగరాలలోనే ఉన్నారు. హైదరాబాద్ నిమ్స్‌లో ప్రత్యేక విభాగం ఉంది. గిద్దలూరు, కంభం వాసులు గుంటూరు రైలెక్కాలి, యర్రగొండపాలెం వైపువారు మాచర్ల, సాగర్ మీదుగా హైదరాబాద్ బస్సెక్కాలి. నొప్పితో బిగుసుకున్న నడుముతో రాత్రంతా ప్రయాణం, తోడు వచ్చినవారి కూలి నష్టం, లాడ్జి అద్దె.. ఇవేవీ ఆసుపత్రి బిల్లులో కనిపించవు.

ప్రతి జిల్లాకు ఒక కీళ్లవాత నిపుణుణ్ని నియమించాలన్న డిమాండ్ వినడానికి బాగుంటుంది గానీ ఆ కోర్సులో సీట్లు పరిమితంగా ఉన్నందున సమీప భవిష్యత్తులో సాధ్యం కాదు. నెలకు రెండు రోజులు చర్మవైద్యుడు, జనరల్ మెడిసిన్ వైద్యుడు ఒకే గదిలో కూర్చుని ఈ రోగులను కలిసి చూడడం మాత్రం రేపటి నుంచే మొదలు పెట్టవచ్చు. సందేహం ఉన్నవారిని ఈ-సంజీవని ద్వారా నగరంలోని నిపుణునికి చూపించవచ్చు. తెర మీద వేలిని నొక్కి చూడడం కుదరదన్న ఆక్షేపణలో వాస్తవం లేకపోలేదు. అందుకే రోగి పక్కన ఒక వైద్యుడు ఉండి కీళ్లను పరీక్షించి చెబుతూ ఉండాలి. రోగిని ఒంటరిగా ఫోను ముందు కూర్చోబెడితే ప్రయోజనం స్వల్పం. పది రోజుల మాత్రలు పంచి వెళ్లిపోయే ఉచిత శిబిరాల వల్ల కూడా ఈ వ్యాధికి ఒరిగేదేమీ లేదు.

క్రమం తప్పని పర్యవేక్షణకు ఎంత విలువ ఉందో 2015లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చిన బ్రిటన్ పరిశోధన నిరూపించింది. 206 మంది రోగులలో సగం మందిని నాలుగు వారాలకు ఒకసారి చూసి, వ్యాధి అదుపులో లేకుంటే వెంటనే మందు మార్చారు. మిగతా సగానికి మామూలు పద్ధతిలో వైద్యం చేశారు. 48 వారాల తరువాత మొదటి వర్గంలో 62 శాతం మందికి, రెండో వర్గంలో 45 శాతం మందికి గుణం కనిపించింది. అక్కడ ఫలితంలో తేడా తెచ్చింది తరచుగా చూసి, అవసరమైతే వెంటనే మందు మార్చడమే.

పేర్లు మారినా..

2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాలలో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పేదలకు గుండె ఆపరేషన్లను అందుబాటులోకి తెచ్చిన మాట వాస్తవం. ఆంధ్రప్రదేశ్‌లో అది 2014లో ఎన్టీఆర్ వైద్యసేవగా, 2019లో మళ్లీ ఆరోగ్యశ్రీగా, 2024లో తిరిగి ఎన్టీఆర్ వైద్యసేవగా పేరు మార్చుకుంది. తెలంగాణలో 2023 డిసెంబరులో పరిమితిని రూ.10 లక్షలకు పెంచారు. కేంద్రం 2018 సెప్టెంబరులో ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ కుటుంబానికి ఏటా రూ.5 లక్షల వరకు భరోసా ఇస్తోంది. అయితే ఈ పథకాలన్నీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరేవారిని దృష్టిలో పెట్టుకుని నిర్మించినవి. సోరియాసిస్ కీళ్లవాత రోగికి మంచం అవసరం లేదు. ఇంటి వద్ద ఏళ్ల తరబడి మందు కావాలి. కీలు పూర్తిగా అరిగిపోయాక మార్పిడి శస్త్రచికిత్సకు దారి దొరుకుతుంది గానీ, అరగకుండా కాపాడే మాత్రకు దొరకదు. ఈ వైపరీత్యం మీద చర్చ జరగవలసి ఉంది.

మెథోట్రెక్సేట్, సల్ఫాసలజైన్, లెఫ్లునమైడ్ వంటి మాత్రలతో గుణం కనిపించనివారికి బయలాజికల్ ఇంజెక్షన్లు అవసరమవుతాయి. వీటిలో అడాలిముమాబ్‌కు ప్రపంచంలోనే తొలి ప్రత్యామ్నాయాన్ని 2014 డిసెంబరులో విడుదల చేసింది భారతీయ సంస్థే. ధర తగ్గినా ఒక్కో సూదికి ఇప్పటికీ వేలల్లోనే ఖర్చవుతుంది. అది రెండు వారాలకు ఒకటి చొప్పున వాడవలసిన మందు. టోఫాసిటినిబ్ మాత్రలను దేశీయ సంస్థలు తయారు చేస్తున్నందున కొంత ఊరట లభించింది. ఈ రెండు రకాల మందులకూ ముందు క్షయ లేదని నిర్ధారించుకోవాలి. లోపల నిద్రాణంగా ఉన్న క్షయ ఈ మందులతో బయటపడే ప్రమాదం ఉంది. క్షయ రోగులు అత్యధికంగా ఉన్న దేశంలో ఈ జాగ్రత్తను చీటీ మీది లాంఛనంగా భావించరాదు. క్షయ విభాగం ప్రతి జిల్లాలో ఉంది గనుక ఆ పరీక్షను అక్కడే ఉచితంగా జరిపించవచ్చు.

ఆసుపత్రిలో చేరకున్నా దీర్ఘరోగులకు సాయం చేసే సంప్రదాయం రాష్ట్రానికి కొత్త కాదు. డయాలసిస్, తలసేమియా బాధితులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నెలకు రూ.10 వేల పింఛను ఇస్తోంది. మాత్రలకు లొంగని కీళ్లవాత రోగుల సంఖ్య జిల్లాకు వందల్లోనే ఉంటుంది. నిపుణుని సిఫార్సుపై వారికి మందును పథకం కింద చేర్చడం ఖజానాకు మోయలేని భారమని చెప్పలేం. ప్రభుత్వమే మొత్తంగా కొనుగోలు చేస్తే ధర మరింత దిగివచ్చే అవకాశమూ ఉంది.

సదరం మెట్ల వద్ద

చికిత్స ఆలస్యమై వేళ్లు వంకరపోయినవారు చివరకు చేరేది సదరం శిబిరానికి. వైకల్యం 40 శాతం ఉంటేనే ధ్రువపత్రానికి, దాని ఆధారంగా పింఛనుకు అర్హత. 2024 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను రూ.6 వేలు. కీలు ఎంత వంగుతోంది, కండరంలో ఎంత బలముంది అన్న కొలతల ఆధారంగా శాతం నిర్ణయిస్తారు. ఈ వ్యాధి మాత్రం ఒకరోజు ఉన్నట్లు మరోరోజు ఉండదు. ఉదయం ఎనిమిదికి గ్లాసు పట్టుకోలేని చేయి మధ్యాహ్నం రెండింటికి, శిబిరంలో వరుస వచ్చే వేళకు, కొంత సడలి ఉంటుంది. ఆ రోజు నొప్పిమాత్ర వేసుకుని బస్సెక్కి వచ్చిన రోగికి పరీక్షలో ఎక్కువ మార్కులు పడతాయి, అంటే వైకల్యం తక్కువ పడుతుంది. ఒక్కరోజు కొలతతో పాటు గత ఏడాది ఓపీ చీటీలను, ఎక్స్‌రేలను కూడా పరిగణనలోకి తీసుకునేలా వైద్యమండలికి మార్గదర్శకాలు ఇవ్వవలసి ఉంది. ఆ చీటీల మీద వ్యాధి పేరు రాసి ఉండడం అందుకు మొదటి షరతు.

2014 మేలో ప్రపంచ ఆరోగ్య సభ సోరియాసిస్‌ను వైకల్యం కలిగించే దీర్ఘకాలిక వ్యాధిగా గుర్తిస్తూ తీర్మానం చేసింది. భారతదేశం ఆ సభలో సభ్యదేశం. ఏటా అక్టోబరు 12న ఆర్థరైటిస్ దినం, 29న సోరియాసిస్ దినం జరుపుతున్నారు. ఆసుపత్రులలో ఈ రెండు దినాలనూ వేర్వేరు విభాగాలు, వేర్వేరు బ్యానర్లు కట్టి జరుపుకోవడం ఆనవాయితీ.